కంప్యూటర్ గది మార్చే ముందు మమ్మల్నీ అడగండి

మన హాస్టల్ కంప్యూటర్ గదిలో ఉన్న పన్నెండు యంత్రాలకూ ఈ వేసవి సెలవుల్లో లినక్స్ ఎక్కించాలన్న ఆలోచన నడుస్తోంది. కారణం అందరికీ తెలిసిందే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరానిదో ఆ తర్వాతిదో అయి ఉండాలి, కనీసం 4 జీబీ ర్యామ్ ఉండాలి. మన పన్నెండింటిలో ఆ అర్హత ఉన్నవి నాలుగే. తక్కిన ఎనిమిదీ పూర్వ విద్యార్థులైన అన్నలు, అక్కలు అభిమానంతో పంపిన పాత యంత్రాలు. లినక్స్‌కి లైసెన్సు ఖర్చు లేదు, పాత యంత్రాల మీద కూడా చురుగ్గా నడుస్తుంది, వైరస్‌ల బెడద తక్కువ. కాబట్టి గది మొత్తానికీ అదే పెట్టేస్తే ఒక పని అయిపోతుందన్నది కమిటీ మిత్రుల వాదన. వినడానికి సబబుగానే ఉంది.

కానీ ఆ గదిలో రోజూ కూర్చునేవాళ్లలో మేము ఆరుగురం చూపు లేనివాళ్లం ఉన్నాం. తెర ఆపేసి ఉన్నా మాకు తేడా తెలియదు. గొంతు ఆగిందంటే మాత్రం మా మటుకు ఆ యంత్రం చచ్చినట్టే. ఈ మార్పు గురించి మమ్మల్ని ఎవరూ ఒక్క మాట అడగలేదు. కోపంతో రాస్తున్నది కాదు ఇది. అడగాలని తోచకపోవడం సహజమే, ఎందుకంటే చూపున్న మిత్రులకు ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఒక అలవాటు. వారం రోజులు తిట్టుకుని కొత్తదానికి అలవాటు పడిపోతారు. మాకు అలా కాదు. ఏ సిస్టమ్ ఉందన్నదాన్ని బట్టే మేము ఏ పుస్తకం చదవగలం, ఏ పరీక్ష రాయగలం, ఎవరి సాయం లేకుండా ఎంతసేపు పని చేసుకోగలం అన్నవి తేలుతాయి. అందుకే మా అభిప్రాయం మూకుమ్మడిగా ఈ సంచికలో చెబుతున్నాం.

చాలామంది మిత్రులు స్క్రీన్ రీడర్ అంటే తెర మీది అక్షరాలను యంత్రం చూసి చదివేస్తుందని అనుకుంటారు. అలా జరగదు. ప్రతి ప్రోగ్రామూ తన దగ్గరున్న వస్తువుల పేర్లను తానే చెప్పుకోవాలి. ఇది బటన్, దీని పేరు సేవ్. ఇది గడి, ఇందులో రాయాలి. ఇది పట్టిక, ఇందులో ఇన్ని వరసలు. ఈ కబురు మోసే దారి ఆపరేటింగ్ సిస్టమ్ లోపల ఉంటుంది. విండోస్‌లో యూఐ ఆటోమేషన్ అనేది అలాంటి దారి, లినక్స్‌లో ఏటీ-ఎస్‌పీఐ. ఆ దారిలో వచ్చినదాన్ని స్క్రీన్ రీడర్ అందుకుని గొంతుతో పలుకుతుంది. ప్రోగ్రాము రాసినవాళ్లు పేర్లు పెట్టకపోతే మాకు "బటన్, బటన్, బటన్" అని మాత్రమే వినిపిస్తుంది. డార్మిటరీలో పేర్లు రాయని ట్రంకు పెట్టెలన్నీ ఒక వరసలో పెట్టి, మీ పెట్టె మీరే వెతుక్కోండి అన్నట్టు ఉంటుంది. కాబట్టి ఒకే పేరున్న ప్రోగ్రాము ఒక సిస్టమ్ మీద చక్కగా మాట్లాడి, ఇంకోదాని మీద మూగగా కూర్చోవచ్చు. "అన్నీ ఒకటేలే" అన్న మాట మా విషయంలో చెల్లదు.

మా ముందు తరం వాళ్ల సంగతి కొంత చెప్పాలి. 2000ల దశకంలో చూపులేని విద్యార్థికి కంప్యూటర్ అంటే విండోస్, దాని మీద జాస్. ఈ జాస్‌ను తయారుచేసిన టెడ్ హెంటర్ మోటార్ సైకిల్ పందేల ఆటగాడు. 1978లో కారు ప్రమాదంలో చూపు పోయింది. 1989లో డాస్ మీద పనిచేసే మొదటి జాస్ తెచ్చాడు. గొప్ప సాఫ్ట్‌వేరే, ఇప్పటికీ గొప్పదే. కానీ ఆ రోజుల్లో అమెరికాలోనే దాని ధర 900 డాలర్లకు దరిదాపుల్లో ఉండేది. మెస్ బిల్లుకు, స్కాలర్‌షిప్‌కు లెక్కలు చూసుకునే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం, ఆ డబ్బు ఎక్కడ తేగలం? లైసెన్సు లేకపోతే అది 40 నిమిషాలు మాట్లాడి ఊరుకుంటుంది, మళ్లీ కావాలంటే కంప్యూటర్‌ను ఆపి ఆన్ చేయాలి. ఆ నలభై నిమిషాల వాయిదాల్లోనే డిగ్రీ పూర్తి చేశామని చెప్పే సీనియర్ అన్నలు ఉన్నారు. దొంగ ప్రతి వాడినవాళ్లూ ఉన్నారు. వాళ్లను తప్పుపట్టే అర్హత మాకు లేదు.

ఆ పరిస్థితిని మార్చింది ఎన్‌వీడీఏ. ఆస్ట్రేలియాలో మైకేల్ కర్రన్ అనే చూపులేని యువకుడు, స్క్రీన్ రీడర్‌ల ధరలు చూసి విసిగి, 2006లో తానే ఒకటి రాయడం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు చూపులేని పిల్లల సంగీత శిబిరంలో పరిచయమైన జేమ్స్ టే ఆయనకు తోడయ్యాడు. ఇద్దరూ కలిసి 2007లో ఎన్‌వీ యాక్సెస్ అనే సంస్థ పెట్టారు. ఎన్‌వీడీఏ ఉచితం. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. లోపలి కోడ్ కూడా అందరికీ తెరిచే ఉంది. ఈ రోజు మా ఆరుగురిలో ఐదుగురం దాని మీదే బతుకుతున్నాం. విండోస్‌కు డబ్బు కట్టాలి, నిజమే, కానీ దానిమీద మాకు కావలసిన గొంతుకు డబ్బు కట్టనక్కర్లేదు. ఈ తేడాను కమిటీ మిత్రులు గమనించాలి.

ఇక లినక్స్. దాని మీద మాట్లాడే స్క్రీన్ రీడర్ పేరు ఓర్కా. ఇదీ ఉచితమే. దీని చరిత్ర మాకు చాలా ఇష్టం. సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీలో పుట్టింది. 2010లో ఒరాకిల్ ఆ కంపెనీని కొనుక్కున్నాక ఆ పని చేసే ఉద్యోగులను తగ్గించేశారు. ఇంకో సాఫ్ట్‌వేర్ అయితే అక్కడితో కథ ముగిసేది. కోడ్ అందరి చేతిలో ఉంది కనుక జోన్‌మరీ డిగ్స్ అనే ఆవిడ, మరికొందరు దాన్ని నిలబెట్టారు. దీనికి ఎదురు ఉదాహరణ విండో-ఐస్. జాస్‌కు ఏళ్ల తరబడి పోటీ ఇచ్చిన స్క్రీన్ రీడర్ అది. చేతులు మారి చివరికి పోటీదారుల చేతికే చిక్కింది, 2017లో అమ్మకం ఆపేశారు. దాన్ని నమ్ముకున్నవాళ్లు మళ్లీ మొదటి నుంచి ఇంకోటి నేర్చుకోవాల్సి వచ్చింది. ఉచితమా కాదా అన్నదానికన్నా, కంపెనీ మనసు మారినా మన గొంతు మిగులుతుందా అన్నది పెద్ద ప్రశ్న. ఆ లెక్కన ఎన్‌వీడీఏకూ ఓర్కాకూ మేము నమస్కారం పెడతాం.

మరైతే లినక్స్ వద్దని ఎందుకంటున్నారు అని అడగవచ్చు. వద్దనడం లేదు. గది మొత్తానికీ వద్దంటున్నాం.

మొదటి సంగతి, సాయం. మాలో ఎక్కువమందిమి ఇంట్లో మొదటి డిగ్రీ వాళ్లం. కంప్యూటర్ మొరాయిస్తే ఫోన్ చేసి అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. అమ్మకు ఫోన్ చేస్తే "బాగా తుడిచి చూడయ్యా" అంటుంది. కాబట్టి మాకు సర్వీస్ సెంటర్ పక్క మంచమే. పక్క మంచం తమ్ముడికి విండోస్ తెలుసు, ఎన్‌వీడీఏ తెలుసు, ఇన్సర్ట్ మీట పట్టుకుని ఏది నొక్కితే ఏమవుతుందో తెలుసు. వెబ్ పేజీలో హెచ్ నొక్కితే శీర్షికలు, టీ నొక్కితే పట్టికలు అని ఒకరికొకరం నేర్పుకుంటూ వచ్చాం. ఓర్కా మీద గట్టి పట్టున్నది మాలో ఒక్కరికే. ఆ ఒక్కరూ ఊరికి పోతే మిగతా ఐదుగురూ యంత్రం ముందు కూర్చుని ఏం చేయాలి? స్క్రీన్ రీడర్ వాడేవాడు సిస్టమ్ ఎంచుకునేటప్పుడు మొదట చూసుకోవలసింది అదేనని మా గట్టి నమ్మకం. రాత్రి పదకొండు గంటలకు అది మూగబోతే దాన్ని తిరిగి పలికించగలవాళ్లు దగ్గర్లో ఎవరున్నారు? దీనికి జవాబు లేకపోతే, కాగితం మీద ఎంత మంచి సిస్టమ్ అయినా మనకు పనికిరాదు.

లినక్స్‌లో ఇంకో చిక్కు, అది ఒకటి కాదు, అనేకం. గ్నోమ్ డెస్క్‌టాప్ మీద, మాటే డెస్క్‌టాప్ మీద ఓర్కా బాగా మాట్లాడుతుంది. తేలికగా ఉంటుందని ఇంకేదో డెస్క్‌టాప్ పెట్టేస్తే సగం మెనూలు పలకవు. పాత యంత్రాలకు ఎక్కించేవాళ్లు సాధారణంగా వెతికేది తేలికైనదాన్నే. పైగా ఎక్స్ అనే పాత తెర వ్యవస్థ నుంచి వేలాండ్ అనే కొత్తదానికి లినక్స్ లోకం మారుతూ వచ్చిన ఈ కొన్నేళ్లలో ఓర్కా మీటలు కొన్ని చోట్ల సరిగా పనిచేయక వాడేవాళ్లు అవస్థ పడ్డారు. మెల్లగా సర్దుకుంటోంది. కానీ సర్దుకునేలోగా పోయేది మా సెమిస్టర్.

రెండో సంగతి, పరీక్షలూ ఉద్యోగాలూ. మా అనుభవంలో కంప్యూటర్ మీద రాసిన ప్రతి పరీక్షా విండోస్ మీదే రాశాం. బ్యాంకుల్లో ఉద్యోగాలు చేస్తున్న మన చూపులేని సీనియర్లను అడిగితే వాళ్ల బల్ల మీద ఉన్నదీ విండోసే. కంప్యూటర్ మీద పరీక్ష రాసే అభ్యర్థికి ఒక రోజు ముందుగా ఆ యంత్రాన్ని చూసుకునే వీలివ్వాలని 2018 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. ఆ ఒక్క రోజులో చూసుకోగలిగేది సరిచూసుకోవడమే కానీ, కొత్త సిస్టమ్ నేర్చుకోవడం కాదు. ఒక పరీక్షకు వెళ్లిన మాలో ఒకరికి అదీ దక్కలేదు. హాల్లో కూర్చున్నాక తెలిసింది, స్పీకర్ కనెక్షన్ లేదని. హెడ్‌ఫోన్ తెచ్చేసరికి ఇరవై నిమిషాలు పోయాయి. అయినా విండోస్ చేతికి అలవాటై ఉంది కనుక మిగిలిన సమయంలో నెట్టుకొచ్చాడు. మన గదిలో రోజూ చేతులు ఏ మీటల మీద తిరుగుతాయో, పరీక్ష హాల్లోనూ అవే మీటల మీద తిరగాలి. చూపున్నవాడు తెర చూసి దారి వెతుక్కుంటాడు. మాకు దారి చేతి వేళ్లలో ఉంటుంది.

కొందరు తమ్ముళ్లు "ఈ గోలంతా ఎందుకన్నా, ఫోన్‌లో టాక్‌బ్యాక్ ఉందిగా" అంటున్నారు. టాక్‌బ్యాక్ మేలు మేమూ పొందుతున్నాం. 2009 నుంచీ ఆండ్రాయిడ్‌లో అది ఉంది, తెలుగు గొంతు కూడా వినసొంపుగా ఉంటుంది. వాట్సాప్‌కు, వార్తలకు, బస్సు టైములకు చాలు. కానీ వంద పేజీల ప్రాజెక్టు రిపోర్టు, పట్టికలతో, అధోజ్ఞాపికలతో ఫోన్ మీద తయారుచేసి చూడండి, అప్పుడు మాట్లాడుకుందాం. ఆపిల్ కంప్యూటర్లలో వాయిస్‌ఓవర్ 2005 నుంచి లోపలే వస్తోంది, విడిగా కొనక్కర్లేదు. ఆ కంప్యూటర్ కొనడమే కావాలి. కాబట్టి దాని గురించి ఇక్కడ చర్చ అనవసరం.

తెలుగు సంగతి వేరేగా చెప్పాలి, ఎందుకంటే ఏ సిస్టమ్ పెట్టినా ఇది మారదు. ఎన్‌వీడీఏలోనూ ఓర్కాతోనూ వచ్చే ఈస్పీక్ అనే గొంతుకు తెలుగు వచ్చు. ఇనుప గొంతు. మొదటి రోజు వింటే నవ్వొస్తుంది, నెల రోజులకు అలవాటవుతుంది, ఆరు నెలలకు అది ఎంత వేగంగా చదివినా అర్థమవుతుంది. కానీ అది చదవాలంటే తెలుగు యూనికోడ్‌లో ఉండాలి. మన డీటీపీ సెంటర్లలో ఎక్కువగా నడిచేవి అను ఫాంట్లు. వాటిలో కొట్టిన పేజీ మీ కంటికి ముత్యాల్లాంటి తెలుగు. లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. మా యంత్రం వాటినే చదువుతుంది, మంత్రగాడు గొణిగినట్టు. డిపార్ట్‌మెంట్లు ఇచ్చే తెలుగు నోట్సు సగం ఇలాంటివే. ఇక ఫొటో తీసి పీడీఎఫ్ చేసిన పుస్తకాల సంగతి చెప్పక్కర్లేదు. ఈ వ్యాసం మేము యూనికోడ్‌లో కొట్టి ఇచ్చాం. అచ్చుకు వెళ్లే ముందు డీటీపీలో అనులోకి మారుస్తారు. అంటే మేము రాసింది మీరందరూ చదవగలరు, అచ్చయిన ఫైలు ఇస్తే మేము చదవలేం. సంపాదకులకు మనవి: మార్చకముందు ఉన్న యూనికోడ్ ప్రతులన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టి కంప్యూటర్ గదిలో ఉంచండి. మిగతావాళ్ల కథలు, కవితలు మాకూ చదవాలని ఉంది.

యంత్రాల వేగం మాట కూడా చెప్పాలి, ఎందుకంటే లినక్స్ వాదనలో బలమైన భాగం అదే. పాత హార్డ్‌డిస్కు, 2 జీబీ ర్యామ్ ఉన్న యంత్రం మీద విండోస్ నడిపితే మీకు విసుగొస్తుంది. మాకు దారి తప్పుతుంది. మీట నొక్కితే రెండు సెకన్ల దాకా జవాబు రాదు, అందలేదేమోనని మళ్లీ నొక్కుతాం, ఇంతలో రెండూ కలిసి అమలై ఇంకెక్కడో తేలతాం. అది మేము ఒప్పుకుంటాం. కానీ దానికి మందు సిస్టమ్ మార్చడం ఒక్కటే కాదు. హార్డ్‌డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టి, ర్యామ్ 8 జీబీకి పెంచితే అదే యంత్రం పరుగెత్తుతుంది. గదిలో ఒకదానికి చేయించి చూశాం.

ఇక్కడే ఒక అన్నకు జవాబు చెప్పాలి. పూర్వ విద్యార్థుల నిధి నుంచి మా కోసం ఖరీదైన స్క్రీన్ రీడర్ లైసెన్సు కొనిద్దామని ఆయన ముందుకొచ్చారు. ఆ మనసుకు దండం. కానీ వద్దన్నా. ఒక లైసెన్సు వస్తే ఒకటి రెండు యంత్రాలకే వస్తుంది, దాని దగ్గర క్యూ కడతాం. ఆ డబ్బుతో ఎస్‌ఎస్‌డీలు, ర్యామ్, ఆరు మంచి హెడ్‌ఫోన్లు వస్తాయి. హెడ్‌ఫోన్ లేకపోతే ఆరు గొంతులు ఒకేసారి మాట్లాడి గది సంతలా ఉంటుంది, పక్కన చదువుకునేవాళ్లకూ ఇబ్బందే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్‌లో పుస్తకాలు, సహాయక పరికరాలు ఉచితంగా ఇవ్వాలని ఉంది, అయితే పద్దెనిమిదేళ్ల వయసు వరకే. పీజీకి వచ్చేసరికి ఆ వయసు ఎప్పుడో దాటిపోతాం. కాబట్టి ఇలాంటి నిధులే మాకు దిక్కు, వాటిని చూసి ఖర్చు పెట్టాలి.

మా ప్రతిపాదన ఇదీ. అర్హత ఉన్న నాలుగు యంత్రాలకూ విండోస్ 11 ఎక్కించి, నాలుగింటిలోనూ ఎన్‌వీడీఏ పెట్టండి. అది అందరూ వాడుకోవచ్చు, ఆపేసి ఉంటే మీకు దాని గోలే ఉండదు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు వాటిలో రెండు మాకు కేటాయించండి. విండోస్‌లోనే ఉండే నరేటర్‌ను ఎవరూ తీసేయకండి. కంట్రోల్, విండోస్ మీట, ఎంటర్ కలిపి నొక్కితే పలుకుతుంది. ఎన్‌వీడీఏ మొరాయించిన రోజున అదే మాకు స్టెప్నీ. పాతవాటిలో రెండింటిని విండోస్ 10 తోనే ఉంచి ఇంటర్నెట్ తీసేయండి. మద్దతు ముగిసినంత మాత్రాన యంత్రం ఆగదు, నెట్ లేకపోతే భద్రత భయమూ తక్కువే, టైపింగుకూ చదువుకోవడానికీ బాగా పనికొస్తాయి. తక్కిన ఆరింటికీ లినక్స్ పెట్టండి, మాటే డెస్క్‌టాప్‌తో. కేరళ మిత్రులు చూపులేనివాళ్ల కోసమే తయారుచేసిన అక్సెసిబుల్ కోకోనట్ అనే లినక్స్ ఒకటి ఉంది, ఉబుంటు మాటే మీద కట్టినది. ఒక యంత్రానికి అది పెట్టి చూడవచ్చు. పాస్‌వర్డ్ అడిగే తెర దగ్గరే ఓర్కా పలికేలా అమర్చాలి, లేకపోతే లోపలికి వెళ్లడానికే ఇంకొకరిని పిలవాల్సి వస్తుంది. మాలో ఇద్దరం ఈ సెలవుల్లో ఓర్కా నేర్చుకోవడానికి సిద్ధంగా ఉన్నాం. వచ్చే ఏడాదికి పక్క మంచాల్లో ఓర్కా తెలిసినవాళ్లు ముగ్గురైతే, ఇంకో రెండు యంత్రాలు అటు మార్చమని మేమే అడుగుతాం.

పాత లాప్‌టాప్‌లు పంపాలనుకునే అన్నలు, అక్కలు ఎనిమిదో తరం ఇంటెల్ లేదా ఆ తర్వాతిది ఉంటే అదే పంపండి. కీబోర్డు మీటలు ఊడిపోనిది చూడండి, తెర పగిలినా మాకు ఫర్వాలేదు.

సిస్టమ్‌లు ఎక్కించే రోజు ముందుగా చెబితే ఆ రోజు మేము గదిలోనే ఉంటాం. పని కూడా మేమే చేస్తాం. ఎక్కించేటప్పుడు మధ్యలో గొంతు రాని ఘట్టాలు కొన్ని ఉంటాయి, అప్పుడు తెర మీద ఏముందో చదివి చెప్పడానికి చూపున్న మిత్రుడు ఒక్కరు తోడుంటే చాలు.